మారథాన్ సాధన – అర్ధశక్తి నియమం

వైద్యుని వద్దకు వచ్చే బాధలు కాలాన్ని బట్టి మారుతూ ఉంటాయి. గురుకులవాసం ముగించుకొని నేను నరసరావుపేటలో చికిత్స ఆరంభించిన రోజులలో కాళ్ళ నొప్పులంటే మిరపతోటలలో వంగి కాయ కోసే స్త్రీలకు, బస్తాలు మోసే హమాలీలకు, నాపరాళ్ళు ఎత్తే కూలీలకు వచ్చేవి. ఇటీవల కొన్నేళ్ళుగా మరొక వర్గం వస్తున్నది. వీరు బ్యాంకులలో, పాఠశాలలలో పనిచేసేవారు, ఇంటివద్దనే కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేసుకొనే యువతీయువకులు. వారి ఫిర్యాదు దాదాపు ఒకే మాటలలో ఉంటుంది: "డాక్టరుగారూ, మొదటిసారి మారథాన్‌కు సిద్ధమవుతున్నాను. మామూలు పరుగు బాగానే సాగింది. ఇంటర్వెల్స్ మొదలుపెట్టిన మూడో వారంలో కాలు పట్టేసింది."

వెంట వచ్చిన తల్లిగాని అత్తగారుగాని వెంటనే, "ఎవరు పరుగెత్తమన్నారు? మీరైనా చెప్పండి" అంటారు. ఆయుర్వేద వైద్యుడు గనుక పరుగు మానిపించి కషాయం ఇస్తాడని వారి నమ్మకం. శాస్త్రం అలా చెప్పలేదు. వ్యాయామం వలన శరీరానికి తేలికదనం, పని చేయగల సామర్థ్యం, జఠరాగ్ని దీప్తి, కొవ్వు క్షయం కలుగుతాయని వాగ్భటాచార్యులు దినచర్యాధ్యాయంలోనే చెప్పినారు. అభ్యంతరం పరుగుపై కాదు. ఎంత, ఎప్పుడు, ఎవరు అన్న మూడు ప్రశ్నలు వేసుకొనకుండా పరుగెత్తడంపైనే అభ్యంతరం.

ఇంటర్వెల్ అనగానేమి?

ఈ మాట ఎరుగని పాఠకుల కొరకు కొంత వివరిస్తాను. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. నరసరావుపేటలో బయలుదేరి గుంటూరు పొలిమేరల దాకా ఆగకుండా పరుగెత్తినట్లు. అంతదూరం పోవడానికి నెమ్మదిగా చాలాసేపు పరుగెత్తే అలవాటు ప్రధానం. దానికి తోడు, గుండె ఒక్కొక్క స్పందనలో ఎక్కువ రక్తాన్ని నెట్టగలిగే శక్తిని పెంచడానికి కొందరు శిక్షకులు వేగపు పరుగును ముక్కలుగా చేయిస్తారు. 400 మీటర్లు వేగంగా పరుగెత్తి, 200 మీటర్లు నెమ్మదిగా నడిచి, మళ్ళీ 400 మీటర్లు పరుగెత్తుతారు. ఇట్లు ఆరుసార్లో, ఎనిమిదిసార్లో, పదిసార్లో చేస్తారు. ఇదే ఇంటర్వెల్ శిక్షణ.

ఈ పద్ధతికి శాస్త్రీయ రూపం ఇచ్చినవారు జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరానికి చెందిన ఇద్దరు. వోల్డెమార్ గెర్ష్లర్ శిక్షకుడు, హెర్బర్ట్ రైన్‌డెల్ హృద్రోగ వైద్యుడు. గెర్ష్లర్ శిష్యుడు రుడోల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్ నగరంలో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి నెలకొల్పిన ప్రపంచ రికార్డు 1955 వరకు చెక్కుచెదరలేదు. ఇది చాలామంది చెప్పుకొనే విషయమే. అంతగా చెప్పుకొననిది ఆ ఇద్దరు పెట్టిన నియమం. వేగపు పరుగుతో నాడి నిమిషానికి 180 వరకు చేరవచ్చు. తరువాత విరామంలో 90 సెకన్ల లోపల అది 120కి దిగిరావలెను. దిగిరాకపోతే ఆ పరుగు ఆ వ్యక్తికి ఎక్కువైనట్లే, వేగమో దూరమో తగ్గించవలసిందే. అసలు గుండె బలపడేది విరామంలోనే అని వారి అభిప్రాయం. ఇంటర్వెల్ అన్న పేరు కూడా విరామాన్ని సూచించేదే. మనవారు పేరు తెచ్చుకొన్నారు, విరామాన్ని మాత్రం ఫ్రైబుర్గ్‌లోనే వదలివచ్చినారు.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉన్నది. పల్నాడులో తెల్లవారుజామున మైదానాలలో పరుగెత్తేవారిలో చాలామంది పోలీసు కానిస్టేబులు ఉద్యోగార్థులు. పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 8 నిమిషాలలో పూర్తి చేయవలెనని నియామక నిబంధన. ఇరవై రెండేళ్ళ యువకునికి ఆ లక్ష్యానికి వేగపు ముక్కలు వారానికి రెండు మూడుసార్లు చేయించడంలో అర్థం ఉన్నది. కాని మారథాన్‌కు సిద్ధమయ్యే నలభై ఏళ్ళ గృహస్థు అదే గుంపులో చేరి, అదే చీటీ పట్టుకొని పరుగెత్తుతున్నాడు. ఒకరికి రాసిన మందును మరొకరు వేసుకొన్నట్లే ఇది. 1600 మీటర్ల పరీక్షకూ 42 కిలోమీటర్ల పరుగుకూ మధ్య జొన్నచేనుకూ కొబ్బరితోటకూ ఉన్నంత తేడా ఉన్నది.

గురజాల నుండి వచ్చిన ఒక యువకుడు నాతో వాదించినాడు. చెకోస్లొవేకియా సైనికుడు ఎమిల్ జటోపెక్ రోజూ 400 మీటర్ల ముక్కలు పదులకొద్దీ పరుగెత్తేవాడనీ, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5000, 10,000 మీటర్ల స్వర్ణాల తరువాత తన జీవితంలోనే మొదటి మారథాన్ పరుగెత్తి అదీ గెలిచినాడనీ చెప్పినాడు. అక్షరాలా నిజమే. అయితే జటోపెక్ పరుగు మొదలుపెట్టినది 1940ల ఆరంభంలో. 1948 లండన్ ఒలింపిక్స్‌లోనే 10,000 మీటర్ల స్వర్ణం గెలిచినాడు. అతని 'మొదటి మారథాన్' వెనుక పదేళ్ళకు పైబడిన సాధన ఉన్నది. మన యువకుని వెనుక ఉన్నవి ఐదు నెలలు.

అర్ధశక్తి

వాగ్భటుడు వ్యాయామానికి పెట్టిన పరిమితి ఒక్క మాటలో చెప్పవచ్చును: అర్ధశక్తి. బలవంతులు, స్నిగ్ధమైన ఆహారం తినేవారు శీతకాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకు వ్యాయామం చేయవలెను. తక్కిన కాలాలలో ఇంకా తక్కువ. సగం ఎక్కడ పూర్తి అయినదో తెలుసుకొనే గుర్తును సుశ్రుతుడు చెప్పినాడు. హృదయంలోని వాయువు నోటిదాకా వచ్చినప్పుడు, అంటే ముక్కుతో తీసే శ్వాస చాలక నోరు తెరవవలసి వచ్చినప్పుడు, బలంలో సగం ఖర్చు అయినదని గుర్తు. నుదుట, ముక్కుపైన, చంకలలో చెమట పట్టడం, నోరెండడం తోడి లక్షణాలు. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగంలోనే ఎక్కువ దూరం పరుగెత్తవలెనని నేటి శిక్షకులు చెబుతారు. రెండు గుర్తులూ దాదాపు ఒకే చోటును చూపుతున్నాయి. దూరపు పరుగు సాధనలో ఐదింట నాలుగు వంతులు ఇట్టి తేలిక పరుగే ఉండవలెనన్నది నేడు చాలామంది శిక్షకులు అంగీకరించిన మాట.

ఇంటర్వెల్ అన్నది స్వభావం చేతనే అర్ధశక్తిని దాటిన పని. నోరు తెరవకుండా అది సాధ్యం కాదు. మరి నిషిద్ధమా? నా అభిప్రాయం చెబుతాను. అర్ధశక్తి నియమం నిత్య వ్యాయామానికి చెప్పినది. అరుదుగా, తగిన కాలంలో, తగిన పోషణతో దానిని దాటడం వేరు. వారానికి మూడుసార్లు దాటడం వేరు. రెండవదానికి చరకుడు పెట్టిన పేరు సాహసం. తన బలాన్ని మించిన పనికి పూనుకోవడాన్ని శోషరోగానికి నాలుగు కారణాలలో ఒకటిగా ఆయన లెక్కించినాడు. అతివ్యాయామం వలన శ్రమ, క్లమం, ధాతుక్షయం, దప్పిక, దగ్గు, జ్వరం, వాంతి కలుగుతాయని సూత్రస్థానంలో చెప్పినాడు. ఇందులో క్లమం అన్న మాటను గమనించవలెను. పని చేసినందున కలిగే అలసట శ్రమ. పని చేయకుండానే కలిగే అలసట క్లమం.

గురజాల యువకునిది క్లమమే. పరుగు వేగం తగ్గుతున్నదని ముక్కల సంఖ్య పెంచినాడు. వేగం ఇంకా తగ్గినది. రాత్రి నిద్ర పట్టదు, ఉదయం లేవాలనిపించదు, అన్నం సహించదు, ఇంట్లో ప్రతివారిపై చిరాకు. పడక దిగకముందు నాడిని లెక్కించమన్నాను. ఆరోగ్యంగా ఉన్నప్పుడు 58 ఉండేదట, ఇప్పుడు 70. అతనికి నేనిచ్చిన ప్రధాన చికిత్స మూడు వారాలు పరుగు మానడం. రెండవ వారంలోనే ఆకలి తిరిగివచ్చినది. ఈ లెక్క ఎవరైనా ఇంట్లో చేసుకొనవచ్చును, దీనికి నాడీ పరీక్ష చదివి ఉండనక్కరలేదు. ఒక వారం రోజులు తెల్లవారి పడకలోనే నిమిషం పాటు లెక్కించి మీ సహజ సంఖ్యను తెలుసుకొనండి. ఏ ఉదయమైనా అది ఎనిమిది, పది ఎక్కువగా కనిపిస్తే ఆ రోజు వేగపు పరుగు వద్దు.

మూడవ వారం రహస్యం

ఇక కాళ్ళ సంగతి. నరసరావుపేటలోనే బ్యాంకులో పనిచేసే 34 ఏళ్ళ గృహిణి ఒకరు వచ్చినారు. ఆగస్టులో జరిగే హైదరాబాదు మారథాన్‌కు పేరు నమోదు చేసుకొన్నారు. అంతకుముందు 10 కిలోమీటర్ల పరుగులు రెండు, 21 కిలోమీటర్ల పరుగు ఒకటి పూర్తి చేసినవారు. ఏప్రిల్ చివర కానిస్టేబులు అభ్యర్థుల గుంపులో చేరి మంగళ, శుక్రవారాలు సిమెంటు రోడ్డుపై 400 మీటర్ల ముక్కలు ఎనిమిదేసి చేయసాగినారు. మూడవ వారంలో ఎడమ ముంగాలి లోపలి అంచున నొప్పి. కర్పూర తైలం రాసి, నొప్పి మాత్ర వేసుకొని మరి రెండు రోజులు పరుగెత్తినారు. నొప్పి పెరగగా పదిహేను రోజులు మానినారు. తగ్గినది. తగ్గిన మరునాడే మళ్ళీ అదే ఎనిమిది ముక్కలు. నాలుగవ రోజున నొప్పి తిరిగి వచ్చినది, ఈసారి మంచం మీద పడుకొన్నా పోలేదు.

ఆమె నన్ను కోరినది తైలమర్దన. నేను ముందు ముంగాలి ఎముక వెంట వేలితో నొక్కి చూసినాను. కండరపు నొప్పి, ఎముకపై పొర నొప్పి అయితే జానెడు మేర పరచుకొని ఉంటుంది. ఆమెకు ఒక్క చోట, రూపాయి బిళ్ళంత మేర, తాకితేనే ఉలికిపడేటంత నొప్పి ఉన్నది. ఆ కాలిపై ఒంటిగా గెంతమంటే గెంతలేకపోయినారు. ఈ రెండు గుర్తులు కలిసినప్పుడు మర్దన చేయరాదు. ఎముకలో సన్నని పగులు మొదలై ఉండవచ్చును. ఎముకల వైద్యుని వద్దకు పంపినాను. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఇట్టి పగుళ్ళు తొలి వారాలలో ఎక్స్‌రేకు చిక్కకపోవడం మామూలే. గుంటూరులో తీయించిన ఎం.ఆర్.ఐ.లో బయటపడినది. ఎనిమిది వారాలు పరుగు నిషేధం. ఆగస్టు పోయినది.

ఆమె కంట నీరు పెట్టుకొని అడిగిన ప్రశ్న: "నా ఊపిరి బాగుంది, గుండె బాగుంది, తొడలు గట్టిపడ్డాయి. ఎముక ఎందుకు ఓడింది?"

దీనికి సమాధానం మన ధాతు సిద్ధాంతంలో ఉన్నది. తిన్న ఆహారం రసమై, రసం రక్తమై, రక్తం మాంసమై, అది మేదస్సై, ఆ తరువాత గాని అస్థికి పోషణ అందదు. ఏడు ధాతువులలో అస్థి ఐదవది. గుండె, రక్తం, కండరం వారాలలో స్పందించి బలపడతాయి. ఎముకకు, స్నాయువులకు నెలలు పడుతుంది. ఆధునిక శాస్త్రం ఇంకొక సంగతి చెబుతున్నది. కొత్త బరువు పడినప్పుడు ఎముక మొదట తన పాత పదార్థాన్ని కొంత తొలగించుకొంటుంది, ఆ తరువాతనే కొత్తది పేర్చుకొంటుంది. పాత గోడ విప్పి కొత్త గోడ కట్టేటప్పుడు మధ్యలో కొన్నాళ్ళు ఇల్లు డొల్లగా ఉన్నట్లు, సాధన పెంచిన మూడవ, నాలుగవ వారాల ప్రాంతంలో ఎముక మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే గుండె, కండరాలు బలపడి, 'ఇంకా వేగంగా పో' అని ఉత్సాహపరుస్తుంటాయి. నా వద్దకు వచ్చేవారు 'మూడో వారం' అని చెప్పడం యాదృచ్ఛికం కాదు. అస్థి వాతానికి ఆశ్రయస్థానం. రూక్షాహారం, నిద్రలేమి, అతిచేష్ట అనేవి మూడూ వాతాన్ని పెంచేవే.

ఆమె ఆహారం విచారిస్తే మిగిలిన కథ తెలిసినది. పరుగుతోపాటు బరువు కూడా తగ్గవలెనని రాత్రి అన్నం మానినారు. ఉదయం టీ, రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం డబ్బాలో కొద్దిగా అన్నం, పచ్చడి. ఋతుక్రమం రెండు నెలలుగా తప్పినది, "పరుగెత్తితే అంతేనేమో" అనుకొన్నారట. హిమోగ్లోబిన్ 9.8. పరుగెత్తే స్త్రీకి ఋతుక్రమం తప్పినదంటే శరీరానికి చేరే ఆహారం ఖర్చుకు చాలడం లేదని తెలుసుకొనవలెను. ఎముకకు అది నేరుగా హాని చేస్తుంది. ఇది ఇంట్లో తల్లులు అడిగి తెలుసుకొనవలసిన సంగతి. సిగ్గుపడి దాచవలసినది కాదు. భోజనంతోపాటు టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటబట్టదు, కనుక టీకి భోజనానికి కనీసం గంట ఎడం ఉండవలెను. ఆమెకు రాత్రి భోజనం తిరిగి పెట్టించడమే నేను చేసిన మొదటి పని. రక్తహీనతకు మందులు తరువాతి మాట.

మాచర్ల నుండి వచ్చిన ఉపాధ్యాయుని విషయం రెండు మాటలలో ముగిస్తాను. వయస్సు 51. వేగపు ముక్కల మధ్య రొమ్ము బిగపట్టినట్లు ఉండి, ఆగితే తగ్గుతున్నదని చెప్పినారు. గ్యాస్ అనుకొని వాము నమిలేవారట. వారిని అదే రోజు హృద్రోగ వైద్యుని వద్దకు పంపినాను. నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, తండ్రికో అన్నకో చిన్న వయస్సులోనే గుండెపోటు వచ్చినవారు వేగపు పరుగు మొదలుపెట్టకముందే గుండె పరీక్ష చేయించుకొనవలెను.

ఋతువును మరచిన పంచాంగం

ఆగస్టు మారథాన్‌కు మే, జూన్ నెలలలో కఠిన సాధన పడుతుంది. రాష్ట్రంలో ఎండలు ఎక్కువైనప్పుడల్లా వార్తలలో వినిపించే రెంటచింతల మన పల్నాడులోనే ఉన్నది. ఆదానకాలపు చివర, అంటే గ్రీష్మంలో, సూర్యుడు ప్రాణుల బలాన్ని హరిస్తాడనీ, వర్షఋతువు ఆరంభంలో కూడా బలం అల్పంగానే ఉంటుందనీ, హేమంత శిశిరాలలో ఉత్తమంగా ఉంటుందనీ చరకుడు ఋతుచర్యలో చెప్పినాడు. కనుక ఈ ప్రాంతంవారు మొదటి మారథాన్‌కు చలికాలపు పరుగును ఎంచుకొనడం మేలు. ముంబై మారథాన్ జనవరిలో జరుగుతుంది. దానికి సాధన శరత్, హేమంత ఋతువులలో సాగుతుంది. ఆగస్టులోనే పరుగెత్తవలెనన్న పట్టుదల ఉన్నవారు మే నెలలో వేగపు ముక్కలు పూర్తిగా మాని, సూర్యోదయానికి ముందు నెమ్మది పరుగుతోనే సరిపెట్టుకొనవలెను.

ఎండలో పరుగెత్తుతూ తూలడం, మాట తడబడడం, పిచ్చిగా ప్రవర్తించడం, ఒళ్ళు కాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. చెమట పడుతున్నది కదా అని ఉపేక్షించరాదు. నీడకు చేర్చి, బట్టలు సడలించి, ఒంటినిండా చల్లని నీరు పోస్తూ విసరవలెను, 108కి కబురు చేయవలెను. స్పృహ సరిగా లేనివారి నోట నీరు పోయరాదు. దాహానికి మామూలు నీరే లీటర్లకొద్దీ తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి మూర్ఛ రావచ్చును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ దప్పిక మేరకు తాగడం శ్రేష్ఠం. నీరు తగ్గిన ఒంటిపై నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు చేస్తాయి గనుక పరుగుకు ముందు అవి వేసుకొనే అలవాటును వెంటనే మానవలెను.

ఆహారంలో మన ప్రాంతపు దోషం కారం. గోంగూర పచ్చడి, ఎండుమిరప కారం లేనిదే ముద్ద దిగని ఇళ్ళు నాకు తెలుసు, మాదీ అట్టిదే. కాని మరునాడు ఎక్కువ దూరం పరుగు ఉన్న రాత్రి ఇవి వద్దు. గొంతులో మంట, పుల్లని తేన్పులతో పరుగు చెడుతుంది. ఆ రాత్రికి అన్నం, పెసరపప్పు, నెయ్యి, పెరుగు చాలును. ఉదయం బయలుదేరే ముందు రాగిజావ, పరుగు ముగిసిన వెంటనే ఖర్జూరాది మంథం తాగవచ్చును. గ్రంథోక్తమైన ద్రవ్యాలన్నీ దొరకకపోయినా ఇంట్లో ఇలా చేసుకొనవచ్చును: ఐదు ఖర్జూరాలు, గుప్పెడు ఎండుద్రాక్ష, కొద్దిగా చింతపండు రాత్రి నానవేసి, ఉదయం పిసికి వడగట్టి, చిటికెడు ఉప్పుతో కుండనీరు కలిపి బాగా చిలకవలెను. మధుమేహులకు ఇది పనికిరాదు.

తిరిగి మొదలుపెట్టడం

దెబ్బ తగలడం కంటె తగ్గిన తరువాత తిరిగి మొదలుపెట్టడంలోనే ఎక్కువమంది చెడుతున్నారు. పైన చెప్పిన ఉద్యోగిని పదిహేను రోజులు ఆగినారు గాని, ఆగిన చోటనే తిరిగి మొదలుపెట్టినారు. బండలాగుడు పోటీలకు ఎద్దులను సాకే మన రైతును చూడండి. పందెపు ఎద్దుకు ప్రతిదినం పందెపు బండ కట్టడు. కాలు బెణికిన ఎద్దును కొన్నాళ్ళు ఉత్తకాలితో నడిపించి, తేలిక దుక్కికి తిప్పి, ఉలవలు పెట్టి, చివరకు గాని బరువు చూపించడు. తన కాలి విషయంలో మాత్రం మనిషికి అంత ఓపిక ఉండదు.

నేను చెప్పే క్రమం ఇది. మొదట నొప్పి లేకుండా అరగంట వడిగా నడవగలగవలెను, ఒక వారం పాటు. తరువాత రెండు నిమిషాల నడక, ఒక నిమిషం నెమ్మది పరుగు. నొప్పి లేకుంటే నెమ్మదిగా పరుగు పాలు పెంచవలెను. వీలైనంతవరకు సిమెంటు రోడ్డు వదలి, నాగార్జునసాగర్ కుడి కాలువ గట్టు వంటి మట్టిబాట పట్టవలెను. వరుసగా నాలుగు వారాలు నొప్పి లేకుండా తేలిక పరుగు సాగిన తరువాతనే వేగపు ముక్కల ఆలోచన చేయవలెను. అప్పుడైనా మునుపు ఎనిమిది చేసినవారు మూడుతో మొదలుపెట్టి, పదిరోజులకు ఒక్కసారికి మించకుండా, ప్రతి విరామంలో నాడి 120కి దిగేవరకు ఆగవలెను. దిగడం లేదంటే ఆ రోజుకు చాలించి ఇంటికి పోవలెను. పరుగు మరునాడు ఉదయం మంచం దిగి వేసే మొదటి అడుగులో నొప్పి ఉంటే నిన్న చేసినది ఎక్కువైనట్లే. ఎముక పగులు అయినవారు ఈ క్రమం మొదలుపెట్టవలసినది ఎముకల వైద్యుడు అనుమతించిన తరువాతనే.

నా మాట వినే ఓపిక ఉన్నవారికి ఇంకొక సలహా. మొదటి మారథాన్‌ను పూర్తి చేయడం మాత్రమే లక్ష్యం అయితే ఇంటర్వెల్స్ అసలు లేకుండానే సిద్ధం కావచ్చును. ఊపిరి పెంచుకొనడానికి వారానికి ఒకసారి కోటప్పకొండ మెట్లు నెమ్మదిగా ఎక్కి దిగితే చాలును. ఎక్కేటప్పుడు ఎముకపై తాకిడి తక్కువ, గుండెకు పని ఎక్కువ. దిగేటప్పుడు మాత్రం పరుగెత్తరాదు.

తైలాభ్యంగం గురించి అందరూ అడుగుతారు. దెబ్బలేని కాళ్ళకు, సాధన లేని రోజున, గోరువెచ్చని నువ్వులనూనెతో పాదం నుండి తొడవరకు మృదువుగా మర్దించి, అరగంట తరువాత వేడినీటి స్నానం చేయడం వాతహరం, నిద్రకూ మంచిది. వాపు, ఎరుపు, వేడి ఉన్న చోట, ఒకే చోట పోటు ఉన్న ఎముకపైన మర్దన నిషిద్ధం. అశ్వగంధ చూర్ణం బలాన్నిస్తుందని విని డబ్బాలకొద్దీ తినేవారు ఉన్నారు. అది అందరికీ సరిపడదు. కాలేయ వ్యాధి, థైరాయిడ్ దోషం ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా తినరాదు. పేరు, తయారీ వివరాలు లేని 'బలం పొడులు' ఎవరిచ్చినా తీసుకొనరాదు. గురజాల యువకుని సంచిలో అట్టిది ఒకటి దొరికితే పారవేయించినాను.

ఎముకకు ఇంట్లో చేయదగినవి చిమ్మిలి, మునగాకు పప్పు, ఉలవచారు, నల్లేరు పచ్చడి. నల్లేరును శాస్త్రంలో అస్థిశృంఖల అన్నారు. విరిగిన ఎముకలకు వైద్యులు అనాదిగా వాడుతున్న తీగ. మన ప్రాంతంలో కంచెల మీద విరివిగా పెరుగుతుంది. అది విశ్రాంతికి బదులు కాదు, విశ్రాంతికి తోడు మాత్రమే. పచ్చడికి లేత కణుపులే కోయవలెను, ముదిరినవి నారగా ఉంటాయి. కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకొనకపోతే దురద పెడుతుంది. పీచు తీసి, చిన్న ముక్కలు చేసి, నువ్వులనూనెలో పచ్చిదనం పోయి రంగు మారేవరకు బాగా వేయించవలెను. సగం వేగిన నల్లేరు గొంతు దురద కలిగిస్తుంది. తగినంత చింతపండు, వేయించిన నువ్వులు, మినపప్పు, జీలకర్ర, రెండు మిరపకాయలు మాత్రం చేర్చి రుబ్బి, మొదటి ముద్దలో నేతితో కలిపి తినవలెను. వారానికి రెండుసార్లు చాలును.